నాలుగో గడి

మార్చి తొమ్మిది, సోమవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని, గుడ్డును బెంచీ అంచుకు కొట్టి, పెంకు జేబురుమాలులోకి ఒలుచుకుని తిన్నాను. ఉప్పు లేదు. ఉప్పు లేదన్న సంగతి సాయంత్రం ఎప్పుడో తోచింది.

బ్రెడ్డు అయ్యాక, గుడ్డు మొదలుపెట్టక ముందు, ఒక కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంగతి పదిహేడు రోజులుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"దాన్ని ఎక్కడ పెట్టారు నాన్నా?"

పదిహేడో రోజు సాయంత్రం మా అమ్మాయి ఇంట్లోకి వస్తూనే అడిగిన మాట ఇది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని తనది. వేళ్ల సందుల్లో తెల్లటి పిండి ఇంకా అలాగే ఉంది. చెప్పులు విప్పలేదు. భోజనాల బల్ల దగ్గర నిలబడి ఆస్పత్రి కవరు చించింది.

ఆ కవరును అల్లుడు మధ్యాహ్నం తెచ్చి బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు సీసా ఉంచి, మళ్లీ పనికి పోయాడు. విప్పి చూడలేదు. అతను లిఫ్టు మెకానిక్కు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులోని వాళ్లకు తలుపు బయట నుంచి గంటసేపైనా ధైర్యం చెప్పగలడు. ఇంట్లో వాళ్లకు చెప్పడం మాత్రం అతనికి చేతకాదు.

"దేన్నమ్మా?" అన్నాను.

తెలియక అడగలేదని తనకూ తెలుసు. కాగితం చదువుకుంటూ కుర్చీ లాక్కుంది.

నా మనవరాలి కడుపులోంచి తీసింది గడ్డ అని మొదట అందరం అనుకున్నాం. కడుపు ఎప్పుడూ కాస్త ఎత్తుగా ఉండేది. తిండిపోతు కడుపు అని నవ్వుకునేవాళ్లం. ఆరేళ్లు వచ్చాక, ఒక వారంలో రెండుసార్లు వాంతి అయ్యాక, ఫొటోలు తీయిస్తే అందులో ఎముకలు కనబడ్డాయి. పాప ఎముకలు కావు. ఆపరేషన్ అయ్యాక సర్జన్ బయటికి వచ్చి, మాస్కు కిందికి లాగి, నిదానంగా చెప్పాడు. ఒకప్పుడు మా అమ్మాయి కడుపులో ఇద్దరు పడ్డారు. రెండోది ఎదగలేదు. తొలి వారాల్లోనే మొదటిదాని లోపలికి చేరి, ఒక సంచిలో ముడుచుకుని, ఆరేళ్లు అక్కడే ఉండిపోయింది. దానికి గుండె లేదు, మెదడు లేదు, ప్రాణమన్నది ఎప్పుడూ లేదు. పాప రక్తమే దానికి అందింది. ఐదు లక్షల కాన్పుల్లో ఒకటి అని పుస్తకాల్లో రాస్తారని కూడా చెప్పాడు. వేరే మాట తోచక మేం ఆయనకు థాంక్స్ చెప్పాం.

ఆ రోజు నుంచి మా అమ్మాయి ఏడవలేదు. దుకాణానికి రెండు వారాలు సెలవు పెట్టి, పాప పక్కన కూర్చుని, కుట్లు మానాక మళ్లీ పనికి వెళ్లడం మొదలుపెట్టింది. మాట్లాడవలసినంత మాట్లాడేది. గిన్నె ఇవ్వు, తలుపు వెయ్యి, మందు వేశావా. అంతే.

"ఈ మాటకు అర్థం ఏమిటి?" అని కాగితం నా వైపు తిప్పింది.

వేలి పిండి ఆ మాట కింద గీతలా అంటింది. నేను చూశాను. అదే ఆస్పత్రి పాథాలజీ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లుగా నా ఉద్యోగం. మనుషుల ఒంట్లోంచి తీసినవాటిని మందునీళ్లలో ఉంచడం, ముక్కలు మైనపు దిమ్మల్లో పోయడం, అపురూపమైనవి వస్తే గాజు జాడీల్లో అమర్చి మూత అంటించడం. ఆ మాట నాకు కొత్త కాదు. అందుకే ఆలోచించకుండా చెప్పాను.

"పరాన్నజీవి అంటారమ్మా. పాపను ఆతిథేయి అనీ, లోపలున్న దాన్ని పరాన్నజీవి కవల అనీ అంటారు. అది వాళ్ల మాట. తిట్టు కాదు."

"అంటే పరుల అన్నం తినేదనా?"

"మాటకు అర్థం అదే."

కోపం లేకుండా, ఎవరో ఎదుటివాళ్ల అనుమానం తీరుస్తున్నట్టు అంది.

"పరుల అన్నం ఏమిటి నాన్నా? నేను వండిందే కదా."

కిటికీ దగ్గర మా వియ్యపురాలు వారపత్రిక మోకాళ్ల మీద పెట్టుకుని గళ్ల నుడికట్టు నింపుతోంది. ఆవిడ తల ఎత్తలేదు. నా భార్య పోయి మూడేళ్లు. అల్లుడి తండ్రి పోయి తొమ్మిదేళ్లు. మేమిద్దరం ఒకే ఇంట్లో చెరో కొసగదిలో ఉంటాం. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది, గళ్లలో మాట దొరక్కపోతే మరీ గౌరవంగా అంటుంది. పెన్సిల్‌తో తప్ప నింపదు. గళ్లలో పెన్నుతో రాసేవాళ్లకు పొగరని ఆవిడ సిద్ధాంతం. పని లేనప్పుడు ఆ పెన్సిల్ చెవి వెనక ఉంటుంది.

అమ్మాయి కాగితాలు మడిచింది. అది తనకు కావాలంది. తెచ్చుకుంటానంది. ఎక్కడైనా ఒక చెట్టు పక్కన మట్టిలో పెడతానంది. ఈ మాటలన్నీ కూరగాయల జాబితా చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు వియ్యపురాలు పత్రిక పక్కన పెట్టింది.

"ఎందుకమ్మాయ్ ఇప్పుడు? గడ్డ అనుకున్నాం. గడ్డ అనే అనుకుందాం. పేరు పెట్టని దానికి చోటు వెతకడం ఎందుకు?"

"ఒక చోటంటూ ఉండాలి అత్తయ్యా."

"మీ మామగారికి ఉంది చోటు. వారం వారం వెళ్లి ఏం మూటగట్టుకొచ్చాను? మోకాళ్ల నొప్పులు."

ఇంకెప్పుడైనా అయితే మా అమ్మాయి నవ్వేది. ఆ అత్తాకోడళ్లకు మధ్య అలాంటి మాటలే పొత్తు. ఆ రోజు నవ్వలేదు. వియ్యపురాలు కూడా నవ్వుకోసం ఎదురుచూడకుండా మళ్లీ పత్రిక తీసింది.

అప్పుడే పనినుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్న అల్లుడు, రేపు తనే ఆస్పత్రికి వెళ్లి అడుగుతానన్నాడు.

"నువ్వెందుకు బాబూ, పనిరోజు," అన్నాను. "నేనెలాగూ రేపటినుంచి డ్యూటీలో చేరాలి. నేను అడుగుతాలే."

అతను నా వైపు కృతజ్ఞతగా చూశాడు. ఆ చూపు నాకు అక్కర్లేదు. కానీ ఇచ్చాడు, తీసుకున్నాను.

లోపలి గది తలుపు తెరుచుకుని పాప వచ్చింది. దీని పేరు బడిలో వేరు. ఇంట్లో గుప్పిటమ్మ. పుట్టిన మూడు రోజులు కుడిచేతి గుప్పిట విప్పలేదు. నర్సు విప్పబోతే ఊరంతా వినబడేలా ఏడ్చింది. ఏదో దాచుకుంది, అడిగినా ఇవ్వదు అని నా భార్య ఆ పేరు పెట్టింది. ఇప్పుడు గౌను పొట్ట దగ్గర వదులై, వెనకాల రెండు పిన్నీసులు పెట్టుకుని తిరుగుతోంది. రెండు పిన్నీసుల వదులు. ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు గానీ, అది మంచి సంగతే.

*

మా విభాగం ఆస్పత్రి కింది అంతస్తులో, వెనకవైపు. మెట్లు దిగగానే మందునీళ్ల ఘాటు కళ్లకు తగులుతుంది. కొత్తవాళ్లకు నీళ్లు కారతాయి. నాకు ఎప్పుడో ఆగిపోయాయి. తొట్టి, తూకం, దిమ్మలు పోసే అచ్చులు, ఆ పక్కన జాడీల గది. ఆ గదిలో నాలుగువందల పన్నెండు జాడీలు ఉన్నాయి. వాటిలో మూడువందలకు పైగా నేను అమర్చినవే. గాజుపలకకు సన్నదారంతో కట్టి, నీళ్లలో బుడగ లేకుండా చూసి, మూత చుట్టూ జిగురు పూయాలి. బుడగ ఉంటే ఏడాదికి లోపలున్నది పాడవుతుంది. ఈ పనిలో చెయ్యి వణక్కూడదు, ఎవరిదని అడక్కూడదు. జాడీకి అంకె ఉంటుంది. పేరుండదు.

మా పెద్ద డాక్టరును అందరం మేడమ్ అంటాం. నాకంటే రెండేళ్లు చిన్న. మాట పొదుపు. నన్ను చూడగానే పాప తింటోందా, నిద్రపోతోందా అని రెండు ప్రశ్నలడిగి, కుర్చీ చూపించింది. ఆ గదిలో ముప్పై ఒక్క ఏళ్లలో నేను కూర్చోవడం అది రెండోసారి. మొదటిది నా భార్య రిపోర్టు వచ్చిన రోజు.

ముందుగా మంచి కబురు చెప్పింది. ముక్కలన్నీ చూశారు. వెన్నుపూస వరసగా, స్పష్టంగా ఉంది. అది లేకపోతే ఇది మళ్లీ పెరిగే వేరే జాతి గడ్డ అవునా కాదా అన్న అనుమానం ఇంకా ఉండేది, ఇంకో మాట రాయవలసి వచ్చేది. ఇప్పుడు ఆ భయం దాదాపు లేదు. రెండేళ్లపాటు మూడు నెలలకోసారి రక్తపరీక్ష, కడుపుకు స్కానింగు. అంతే.

"ఆ వెన్ను ఉండబట్టే మీ పాప రిపోర్టు ఒక పేజీలో అయిపోయింది," అంది.

నేను తల ఊపాను. ఏదో ఒకటి చేసిపెట్టింది పాపకు, అనుకున్నాను. అనుకుని, అది ఆలోచన కాదని వదిలేశాను.

మేడమ్ సొరుగులోంచి ఒక ఫారం తీసింది. నేనెన్నడూ మరిచిపోలేని ఫారం. తీసిన భాగాన్ని ఏం చేయాలి అని పైన ఉంటుంది. కింద నాలుగు గళ్లు. పరీక్షకు మాత్రమే వాడుకుని తర్వాత తీసేయవచ్చు, మొదటిది. కుటుంబానికి తిరిగి ఇవ్వాలి, రెండోది. వేరే ఆస్పత్రికి పంపాలి, మూడోది. చదువుకునేవారికోసం విభాగంలో ఉంచుకోవచ్చు, నాలుగోది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఫారం పట్టుకుని వరండాల్లో తిరిగింది నేనే. కళ్లు వాచిపోయి, ఏం చదువుతున్నారో తెలియకుండా కూర్చున్నవాళ్ల పక్కన కూర్చుని, నాలుగో గడిలో టిక్కు పెట్టండమ్మా, నలుగురు పిల్లలు చదువుకుంటారు, అని చెప్పింది నేనే. పెన్ను చేతికిచ్చింది నేనే. చాలామంది పెట్టారు. నా మాట మెత్తగా ఉంటుందని వార్డులో పేరు.

ఆ సోమవారం పాప మత్తులోకి జారేదాకా చెయ్యి పట్టుకోవడానికి అమ్మాయి లోపలికి వెళ్లింది. అల్లుడు రక్తం సీసాల కోసం కిందికి పరుగెత్తాడు. ఆపరేషన్‌కు కావలసిన సంతకాలన్నీ వాళ్లు పెట్టేశారు, ఈ ఒక్క కాగితం మిగిలిపోయింది. నర్సు నాకు తెలిసినమ్మాయే. మీరు మనవాళ్లే కదా సార్, ఇది కూడా కానిచ్చేయండి అంది. చేతిలో బ్రెడ్డు పొడి దులుపుకుని పెన్ను తీశాను. చదవలేదు. చదవక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. చెయ్యి దానంతటదే నాలుగో గడికి వెళ్లింది. ఏం తీయబోతున్నారో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

టిక్కు చక్కగా పడింది. తోక గడి దాటి పైకి లేచింది.

"ఇలాంటి ఫారం వేరేవాళ్లది వస్తే మీరేం చేస్తారు?" అంది మేడమ్.

"వెనక్కి పంపుతాను."

"ఎందుకు?"

"తల్లీతండ్రీ ఉండగా తాత సంతకం చెల్లదు."

"నేనూ చూశాను. పంపలేదు." ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మొదట మీకు మళ్లీ ఈ కాగితం చూపించబుద్ధి కాలేదు. తర్వాత ఇంకో కారణం కూడా ఉంది. దాచడమెందుకు, నాకది కావాలి. ముప్పై ఏళ్లలో చూడలేదు, ఇక చూడను. కానీ ఇలా కాదు."

కొత్త ఫారం ఒకటి ఇచ్చింది. వచ్చే సోమవారం జాడీ మూత అంటించి రిజిస్టరులో అంకె వేయాలి. అంకె పడ్డాక అది ఆస్పత్రి సొత్తు, తన చేతుల్లో ఉండదు. ఈలోగా తల్లి ఏ గడిలో టిక్కు పెడితే అది. రెండో గడిలో పెడితే తనే స్వయంగా ఆమె చేతికిస్తానంది. అయితే పాత ఫారం ఎవరు పెట్టారో కొత్త ఫారం వెనక రాయాలి, నిబంధన. నేను రాయకపోతే తను రాయవలసి వస్తుందని, ఆ సంగతి నేనే ముందు ఇంట్లో చెబితే బాగుంటుందని, కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

జాడీ ఆవిడ గదిలోనే, కింది అరలో ఉంది. ఒక ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. నేను సెలవు నుంచి వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదని చెప్పి, ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్లింది. ఆ పని ఏమీ లేదని నాకు తెలుసు. పది నిమిషాలు వరండాలో అటూ ఇటూ నడిచిన చప్పుడు వినబడింది.

నేను గుడ్డ తీసి చూశాను. మళ్లీ కప్పాను. గుడ్డ అంచులు నాలుగువైపులా సమంగా సర్ది లేచాను.

*

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కొత్త ఫారం నా చొక్కా జేబులో నాలుగు మడతలుగా ఉంది. కూర్చున్నప్పుడల్లా చప్పుడు చేసింది. నాకే వినబడినట్టుంది.

ఏమన్నారు అని అమ్మాయి ఒకసారి అడిగింది. తిన్నాక చెబుతానన్నాను. సరేనంది.

గుప్పిటమ్మకు ఆ రోజు ఆకలి బాగా ఉంది. కుట్లు వేశాక ఇన్నాళ్లకు మొదటిసారి కంచం ఖాళీ చేసి మళ్లీ పెట్టమంది. పెట్టారు. మళ్లీ అడిగింది. మధ్యలో ఒక సందేహం కూడా అడిగింది, గడ్డకు పళ్లుంటాయా తాతా అని. వార్డులో పక్క మంచం వాళ్లు అనుకున్నారట.

"నీకున్నాయిగా, అవి చాలు. నమిలి తిను," అంది వియ్యపురాలు. అని, గరిటె తీసుకుని వడ్డిస్తూ, అలవాటుకొద్దీ ఇంకో మాట కూడా అనేసింది. "కడుపులో ఎవరున్నారే నీకు, ఇంత తింటున్నావు?"

గరిటె గాల్లోనే ఆగిపోయింది.

ఆ మాట ఆవిడది కాదు. మా అమ్మాయిది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో రోజుకోసారి నలిగిన హాస్యం. పాప రెండోసారి అడిగితే చాలు, కడుపులో ఎవరున్నారే అని పొట్ట మీద వేళ్లతో తలుపు తట్టినట్టు తట్టేది. పాప లోపలినుంచి పలికినట్టు గొంతు మార్చి, నేనే ఉన్నా అనేది. అందరం నవ్వేవాళ్లం. నా భార్య అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేది.

అల్లుడు కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. వియ్యపురాలి ముఖంలో రంగు లేదు. అమ్మాయి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది. తాగలేదు, దించలేదు.

గుప్పిటమ్మ ఒక్కతే నములుతోంది. మింగి చెప్పింది.

"ఇప్పుడెవరూ లేరు."

తర్వాత ఏమైందో నాకు వరసగా గుర్తులేదు. ఎవరో కంచాలు తీశారు. కొళాయి తిప్పిన చప్పుడు. అమ్మాయి పాప మూతి తుడిచి, పిన్నీసులు తీసి, గౌను మార్చి, లోపలి గదిలో పడుకోబెట్టి వచ్చింది. వచ్చి తన కుర్చీలోనే కూర్చుంది.

"చెప్పు నాన్నా."

జేబులోంచి ఫారం తీసి మడతలు విప్పి బల్ల మీద పరిచాను. పక్కన పెన్ను పెట్టాను. నాలుగు గళ్లూ ఏమిటో చదివి వినిపించాను. రెండో గడిలో టిక్కు పెడితే ఇచ్చేస్తారనీ, సోమవారంలోగా పెట్టాలనీ చెప్పాను. ఇక్కడితో ఆపవచ్చు. ఆపితే ఎలా ఉంటుందా అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా.

"ఇంతకుముందు ఒక ఫారం ఉంది," అన్నాను. "ఆపరేషన్ రోజుది. అందులో నాలుగో గడిలో టిక్కు ఉంది. అది పెట్టింది నేనేనమ్మా."

బెంచీ గురించి, బ్రెడ్డు గురించి, నర్సు గురించి చెప్పాను. అలవాటు గురించి చెప్పాను. చెబుతున్నకొద్దీ అది సాకులా వినబడింది. సాకు కాదు, జరిగిందే. అయినా అలాగే వినబడింది.

ముందుగా మాట్లాడింది వియ్యపురాలు.

"పెన్నుతోనా అన్నయ్యగారూ?"

"పెన్నుతోనే చెల్లెమ్మా."

"పెన్సిల్‌తో పెట్టుండాల్సింది," అంది. ఆవిడ వెక్కిరించలేదు. నిజంగానే దిగులుగా అంది. చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి, ఏం చేయాలో తెలియక నా పెన్ను పక్కన పెట్టింది.

అల్లుడు లేచి నిలబడ్డాడు. అతని గొంతులో నేనెప్పుడూ వినని గరుకు ఉంది.

"పదిహేడు రోజులు మామయ్యగారూ. మీ అమ్మాయి రోజూ నిద్రలేకుండా దొర్లుతోంది. అది ఎక్కడుందో అని. మీకు తెలుసు. పక్క గదిలో పడుకున్నారు."

అవునన్నాను.

అతను ఫారం వైపు చెయ్యి చాచాడు. తండ్రి సంతకం చాలు కదా, తనే రెండో గడిలో పెడతాను, రేపు పొద్దున్నే తెచ్చేస్తాను, ఈ గొడవ ఇంతటితో తెగిపోతుంది అన్నాడు.

"మీరు ఆగండి," అంది అమ్మాయి.

అతను ఆగాడు. ఆమె నా వైపు తిరగలేదు. బల్ల మీద ఉప్పు సీసాను చూస్తూ మాట్లాడింది.

"నాన్న వెళ్లి ఆ ఫారం పట్టుకుని పక్కన కూర్చుంటే ఎవరైనా పెడతారు. నాకే ఇచ్చినా నేనూ అక్కడే పెట్టేదాన్నేమో. అది కాదు. నాకు చెప్పలేదు, అదీ."

"చెప్పలేకపోయానమ్మా."

"నిన్నటిదాకా తెచ్చుకోవాలనే ఉంది. ఇప్పుడు..." ఆగింది. "నేను మోసింది రెండు నెలలో, మూడు నెలలో. అదీ తెలియకుండా. మిగతా అంతా పాపే మోసింది. పరుగెత్తింది, బడికెళ్లింది, తాడాట ఆడింది, దాన్నేసుకుని. ఇప్పుడు నాది అని నేను సంతకం పెట్టాలా? రేపు అది పెద్దదై, నాదేదమ్మా అని అడిగితే ఏ చెట్టు చూపించను? ఏ జాడీ చూపించను?"

వియ్యపురాలు ముక్కు తుడుచుకుంది.

గడియారంలో తొమ్మిది దాటింది. అప్పుడు అమ్మాయి నన్ను చూసింది. పదిహేడు రోజుల్లో నా ముఖంలోకి నేరుగా చూడడం అదే మొదలు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

నేను చెప్పబోయాను. అరచేతిలో పట్టేంత, బరువు ఇంత, చర్మం ఇలా. నా పని భాషలోనే నోట్లోకి వచ్చాయి మాటలు.

"రిపోర్టులో ఉన్నవి వద్దు," అంది. "ముఖం ఉందా?"

"లేదమ్మా."

అది విని ఆమె భుజాలు కాస్త దిగాయి. లేకపోవడమే నయమని నేను కూడా పొద్దున అనుకున్నాను.

"చేతులు?"

"ఒకటి ఉంది. చిన్నది. నాలుగు వేళ్లు."

ఆమె అడగబోయేదేమిటో ఆమె అడగకముందే నాకు తెలిసిపోయింది. అడక్కుండా ఉంటే బాగుండుననుకున్నాను.

"విప్పి ఉందా? మూసి ఉందా?"

అబద్ధం చెప్పడానికి వ్యవధి ఉంది. అల్లుడు నన్నే చూస్తున్నాడు. చెప్పవద్దన్నట్టో, చెప్పమన్నట్టో తెలియలేదు.

"మూసి ఉందమ్మా," అన్నాను.

ఆమె ఫారాన్ని నా మడతల మీదే మళ్లీ మడిచి చేతిలో పట్టుకుంది. లేచి, కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి తోసి, పాప పడుకున్న గదిలోకి వెళ్లింది.

మేం ముగ్గురం కూర్చునే ఉన్నాం. వియ్యపురాలు గళ్ల నుడికట్టు ముందుకు లాక్కుని, చెవి వెనక తడుముకుంది. బల్ల మీద చూసింది. పత్రిక ఎత్తి కింద చూసింది. నా పెన్ను పెట్టిన చోటే ఉంది. పెన్సిల్ లేదు.

ఆవిడ నా వైపు చూసింది. నేను అల్లుడి వైపు చూశాను. ఎవరం అడగలేదు.

గదిలో దీపం ఇంకా వెలుగుతోంది. పాప నిద్రలో ఏదో గొణిగింది, అమ్మాయి ఊఁ అంది. కాసేపటికి గుమ్మం దాకా వచ్చి, ఎవరి వైపూ చూడకుండా తలుపు దగ్గరికి వేసుకుంది. పాప లేవకూడదని అల్లుడు బందులకు నూనె వేసి వారమైంది. తలుపు చప్పుడు చేయలేదు.